సేవావిద్య నేర్పిన ఆలిస్ సాలమన్

ఆపదలో నున్నవారిని చూచి జాలిపడుట మానవ స్వభావము. కాని జాలి యొక్కటియే ఆపన్నులను గట్టు చేర్పజాలదు. నీటిలో మునుగుచున్నవానిని రక్షింపగోరువాడు ముందుగా ఈత నేర్చి యుండవలెను. ఈత రానివాడు దయకొలది నీటిలో దూకినచో మునుగువారు ఇద్దరగుదురు. యుద్ధములచేతను, రాజకీయ కలహములచేతను ఇల్లు వాకిలి కోల్పోయి, ఆప్తులను పోగొట్టుకొని, దిక్కు తోచక నిలిచినవారికి సాయపడుటయు నిట్టిదే. దానికి దయతోపాటు విద్యయు కావలెను. ఈ సత్యమును గుర్తించి, సంఘసేవను ఒక విద్యగా తీర్చి, యువతులకు బోధించి, దేశదేశములందలి సేవా విద్యాలయములను ఒక్క త్రాట నిలిపిన మహనీయురాలు ఆలిస్ సాలమన్. పరులకు ఆశ్రయము కల్పించుట ఎట్లో జీవితమంతయు నేర్పిన ఆమెయే తుదకు నిరాశ్రయురాలై స్వదేశమును విడువవలసి వచ్చెను.

ఆలిస్ 1872వ సంవత్సరము ఏప్రిల్ 19వ తేదీన జర్మనీ దేశపు ముఖ్యపట్టణమగు బెర్లిన్‌లో జన్మించెను. ఆమె తలిదండ్రులు సంపన్నులగు యూదులు. తండ్రి తోళ్ల వ్యాపారి. ఆ కాలమున కలవారి యిండ్లలోని ఆడుపిల్లలకు చదువు త్వరలోనే ముగియుచుండెను. ఆ పిమ్మట వారు కుట్టుపనులతోను, అల్లికలతోను ప్రొద్దు పుచ్చుచు వివాహమునకై ఎదురు చూచుట ఆచారము. ఆలిస్‌కు ఉపాధ్యాయురాలు కావలెనని కోరిక. కాని ఆడుపిల్ల జీతమునకు పనిచేయుట కుటుంబ గౌరవమునకు తగదని తలచు రోజులవి. అందుచే ఆమెకు పై చదువు లభింపలేదు. చేయుటకు శక్తి యుండియు పని లేకుండ ఆమె యౌవనములోని కొన్ని సంవత్సరములు వ్యర్థముగా గడచిపోయినవి.

ఆ కాలమున బెర్లిన్ నగరము వేగముగా పెరుగుచుండెను. కర్మాగారములలో పనికై పల్లెల నుండి వేలకొలది జనులు వచ్చి చేరుచుండిరి. గాలి వెలుతురు లేని ఇరుకు గదులలో కుటుంబములకు కుటుంబములే తలదాచుకొనుచుండెను. తల్లియు తండ్రియు పనికి పోగా పిల్లలు దిక్కులేనివారై వీథులలో తిరుగుచుండిరి. ఈ దుస్థితిని తొలగించు నుద్దేశముతో 1893వ సంవత్సరమున బెర్లిన్‌లో బాలికలు, స్త్రీలు కలసి సాంఘిక సేవ చేయుటకై ఒక సంఘము స్థాపింపబడెను. జేనెట్ ష్వేరిన్ అను విదుషి దాని ప్రముఖులలో నొకతె. అప్పటికి ఇరువది యొక్క సంవత్సరముల వయస్సు గల ఆలిస్ ఆ సంఘమున చేరెను. పనివారి ఆడుపిల్లలను పగటివేళ చేరదీసి సంరక్షించు గృహములో ఆమె సేవ ప్రారంభించెను. తన జీవితము నిజముగా ఆనాడే మొదలైనట్లు ఆమె భావించెను.

సేవ చేయుచున్న కొలదియు ఆమెకు ఒక విషయము స్పష్టమయ్యెను. తనవంటి యువతులు ఎందరో మంచి మనస్సుతో పేదల యిండ్లకు పోవుచుండిరి. కాని ఆ యింటివారి కష్టమునకు మూలమేమో వారికి తెలియదు. రోగికి మందు కావలెనో, ఆహారము కావలెనో వారెరుగరు. పనివానికి చట్టము కల్పించిన హక్కులేవో వారికి తెలియవు. ఒక యింట నొక నాణెము, వేరొక యింట నొక పాత వస్త్రము ఇచ్చి, పుణ్యము దక్కినదని తలచి మరలి వచ్చుచుండిరి. ఇట్టి దానము ఇచ్చినవారికి తృప్తి కలిగించునే కాని పుచ్చుకొన్నవారి బ్రతుకును మార్పజాలదు. పైగా చేయి చాచుటకు అలవాటుపడినవాని ఆత్మగౌరవము నశించును. సేవ దయాభిక్ష కాదనియు, అది న్యాయమనియు, కలిగినవారు సంఘమునకు తీర్పవలసిన ఋణమనియు ఆలిస్ విశ్వసించెను. వైద్యుడు వైద్యము నేర్చినట్లే సేవ చేయువారు సేవను నేర్వవలెనని ఆమె నిశ్చయించెను. 1899లో ష్వేరిన్ మరణింపగా సంఘ నాయకత్వ భారము ఆలిస్‌పై పడెను. ఆ సంవత్సరమే ఆమె యువతులకు ఒక సంవత్సర కాలపు శిక్షణ తరగతిని ప్రారంభించెను.

ఇతరులకు నేర్పదలచినవారు తాము ముందుగా నేర్వవలెను గదా! ఆలిస్ విశ్వవిద్యాలయమున చదువగోరెను. అప్పటికి ప్రష్యా రాజ్యపు విశ్వవిద్యాలయములలో స్త్రీలకు విద్యార్థినులుగా ప్రవేశము లేదు. ఆమెకు ప్రవేశమునకు వలసిన పరీక్షా యోగ్యతయు లేదు. అయినను ఆమె అంతకుముందు ప్రకటించిన రచనలను చూచి ఆచార్యులు కొందరు సాయపడగా, 1902లో బెర్లిన్ విశ్వవిద్యాలయమున అతిథిగా కూర్చుండి పాఠములు వినుటకు అనుమతి లభించెను. ఆమె అర్థశాస్త్రమును, చరిత్రను, తత్త్వశాస్త్రమును శ్రద్ధతో చదివెను. పురుషులకును స్త్రీలకును కూలి యొకే విధముగా లభింపకుండుటకు కారణములేవి యను విషయముపై పరిశోధన చేసి 1906లో డాక్టరు పట్టమును పొందెను.

1908వ సంవత్సరమున ఆలిస్ బెర్లిన్‌లోని షోనెబెర్గ్ ప్రాంతమున స్త్రీల కొఱకు ఒక సాంఘిక సేవా విద్యాలయమును స్థాపించెను. అందు రెండు సంవత్సరముల చదువు. మతభేదము లేకుండ బాలికలను చేర్చుకొనుచుండిరి. ఆరోగ్యశాస్త్రము, శిశుపోషణ, విద్యాబోధన, అర్థశాస్త్రము, చట్టములు, పౌరధర్మములు అచ్చట బోధింపబడుచుండెను. కేవలము పుస్తకముల చదువే కాక, విద్యార్థినులు శిశువిహారములకును, అనాథ శరణాలయములకును, బీదల యిండ్లకును పోయి స్వయముగా పనిచేయవలసి యుండెను. తరగతిలో విన్నదానిని వాడలో పరీక్షించుట, వాడలో చూచినదానిని తరగతికి తెచ్చి చర్చించుట ఆ విద్యాలయపు పద్ధతి.

1914లో మొదటి ప్రపంచ యుద్ధము ఆరంభమయ్యెను. మగవారు యుద్ధభూమికి తరలిపోయిరి. సంపాదించువారు లేక కుటుంబములు అల్లాడినవి. జర్మనీలోని స్త్రీ సంఘములు ఏకమై జాతీయ మహిళా సేవ అను పేర సాయము చేయ పూనుకొనెను. ఆలిస్ అందులో ప్రముఖ పాత్ర వహించెను. సైనికుల భార్యలకు జీవనభృతి సమకూర్చుట, పని లేనివారికి పని చూపుట, కర్మాగారములకు పోవు తల్లుల పిల్లలను సంరక్షించుట మున్నగు పనులు నానాటికి పెరిగెను. ఇన్నాళ్లు శిక్షణ అక్కర లేదని తలచినవారు సయితము దాని విలువను గుర్తించిరి. శిక్షణ పొందిన సేవికలు చాలకపోవుటచే ఆయా నగరములలో సేవా విద్యాలయములు వెలసెను. 1917లో ఆలిస్ వానినన్నింటిని ఒక సంఘముగా కూర్చి దానికి అధ్యక్షురాలయ్యెను.

1918లో యుద్ధము ముగిసెను. జర్మనీ సైనికులు ఇరువది లక్షల మంది దాని యందు మరణించిరి. కాలు పోయినవారును, చూపు పోయినవారును, తుపాకుల మ్రోతకు మతి చలించినవారును ఇండ్లకు మరలిరి. వితంతువులు, తండ్రి లేని బిడ్డలు లక్షల సంఖ్యలో మిగిలిరి. సరిహద్దులు మారుటచే ఊరు విడిచి వచ్చిన కాందిశీకులు కొందరు. దేశములో తిండికి కరవు. ద్రవ్యమునకు విలువ లేదు. ఇట్టి స్థితిలో సేవికలకు ఎట్టి విద్య కావలెనని ఆలిస్ గాఢముగా ఆలోచించెను. 1920లో ప్రష్యా ప్రభుత్వము సేవా విద్యాలయముల పరీక్షలకు నియమములను ఏర్పరచగా, సంఘసేవ గుర్తింపు పొందిన వృత్తి యయ్యెను.

1926లో ఆమె సాంఘిక నిదానమును గూర్చి యొక గ్రంథమును ప్రకటించెను. అమెరికా దేశస్థురాలగు మేరీ రిచ్‌మండ్ 1917లో ఇదే విషయమున రచించిన పుస్తకము ఆమెకు మార్గదర్శకమయ్యెను. వైద్యుడు రోగిని పరీక్షింపక మందీయడు. అట్లే సేవిక సాయము చేయుటకు ముందు ఆ మనుష్యుని పరిస్థితిని సమగ్రముగా తెలిసికొనవలెను. అతని ఆరోగ్యమెట్టిది, ఇల్లెట్టిది, ఆదాయమెంత, బంధుమిత్రులెవరు, అతనిలో నున్న శక్తులేవి అని చూడవలెను. ఇవి తెలియుటకు సంధించి ప్రశ్నలు వేసినచో చాలదు. దుఃఖము ననుభవించినవాడు అపరిచితుల యెదుట వెంటనే మనస్సు విప్పడు. ముందుగా అతనికి సేవికపై విశ్వాసము కలుగవలెను. ఆమె ఓర్పుతో వినవలెను. తనకంటె తక్కువవానిగా అతనిని చూడరాదు. అతని తరపున తానే సమస్తము నిర్ణయింపక, అతడు మరల తన కాళ్లపై నిలుచునట్లు చేయవలెను. యుద్ధమున సర్వము కోల్పోయినవానికి మిగిలినది ఆత్మగౌరవ మొక్కటియే. సాయము పేర దానినిగూడ హరించుట తగదు. ఆలిస్ బోధించిన విద్యకు ఇదియే సారము.

1925లో ఆమె విద్యాలయ నిర్వహణమును ఇతరులకు అప్పగించి, సేవారంగమున ఉన్నత విద్య గరపుటకును, పరిశోధనలు సాగించుటకును బెర్లిన్‌లో ఒక అకాడమీని స్థాపించెను. ఆమె దృష్టి స్వదేశముతో ఆగలేదు. యుద్ధమున పరస్పరము చంపుకొన్న దేశముల వారు సేవ కొఱకైనను ఒక్కచోట కూర్చుండవలెనని ఆమె కోరిక. 1928లో పారిస్ నగరమున అంతర్జాతీయ సాంఘిక సేవా మహాసభ జరిగెను. బెల్జియము దేశపు వైద్యుడగు రెనే సాండ్ దానికి ముఖ్య నిర్వాహకుడు. పది సంవత్సరములకు ముందు బెల్జియము, ఫ్రాన్సు దేశములు జర్మనీకి శత్రువులు. అట్టి సభలో జర్మనీ వనిత యొకతె సేవా విద్యను గూర్చి ప్రసంగించి సర్వుల మన్నన పొందుట విశేషము. 1929లో సేవా విద్యాలయముల అంతర్జాతీయ సమితి ఏర్పడగా సభ్యులు ఆలిస్‌నే దాని ప్రథమాధ్యక్షురాలిగా ఎన్నుకొనిరి.

1932లో ఆమెకు అరువది యేండ్లు నిండెను. బెర్లిన్ విశ్వవిద్యాలయపు వైద్యశాఖ గౌరవ డాక్టరు పట్టమిచ్చెను. ప్రష్యా ప్రభుత్వము పతకమొసగి సత్కరించెను. ఆమె స్థాపించిన విద్యాలయమునకు ఆమె పేరే పెట్టిరి. ఆ గౌరవము ఒక్క సంవత్సరమైనను నిలువలేదు.

1933 జనవరిలో హిట్లర్ జర్మనీ ప్రధానమంత్రి అయ్యెను. యూదుల వంశమున పుట్టినవారందరును దేశద్రోహులని నాజీలు ప్రచారము చేసిరి. ఆలిస్ 1914లోనే క్రైస్తవ మతమును స్వీకరించి యుండెను. కాని నాజీలు చూచినది మతమును గాదు, పుట్టుకను. నలువది సంవత్సరములు దేశమునకు సేవ చేసిన ఆమెను అన్ని పదవుల నుండియు తొలగించిరి. విద్యాలయమునకు ఆమె పేరు లేకుండ చేసిరి. అకాడమీలోని యూద సభ్యులను వెళ్లగొట్టవలసిన స్థితి యేర్పడెను. తోడివారిని వెళ్లగొట్టి సంస్థను నిలుపుకొనుట కంటె సంస్థనే విడుచుట మేలని ఆలిస్ తలచెను. ఆమెయు, ఆమె సహచరులును తమంతట తామే అకాడమీని మూసివేసిరి. కట్టినది కూలగొట్టుట కష్టమే. కాని అన్యాయమునకు పనిముట్టుగా మారనీయక కూలగొట్టుట ధర్మమని వారికి తోచెను.

ఆ భయము నిజమే యయ్యెను. 1933 జూలైలో నాజీ ప్రభుత్వము వంశపారంపర్య రోగులని తాము నిర్ణయించినవారికి సంతానము కలుగకుండ బలవంతముగా శస్త్రచికిత్స చేయు చట్టమును చేసెను. అట్టివారెవరో తెలుపు పనిలో సేవాశాఖల ఉద్యోగులను సయితము వినియోగించిరి. దుఃఖితుల వివరములు సేకరించుట వారి మేలు కొఱకని ఆలిస్ నేర్పి యుండెను. ఆ వివరములే ఇప్పుడు వారిని వేరుపరచి హింసించుటకు సాధనములయ్యెను. విద్య యెంత గొప్పదైనను న్యాయబుద్ధి తోడు లేనిచో అది ఆయుధమగునని ఈ చరిత్ర చాటుచున్నది.

ఆలిస్ నిరాశతో చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. నాజీల బాధకు తాళలేక దేశము విడువదలచినవారికి తనకు చేతనైన సాయము చేసెను. అంతర్జాతీయ సమితి అధ్యక్ష పదవి మాత్రము ఆమెకు మిగిలి యుండెను. దానిని తొలగించు అధికారము నాజీలకు లేదు. ఆమె దేశములు తిరిగి, ముప్పదికి పైగా దేశములలో సేవా విద్య జరుగుచున్న తీరును పరిశీలించి, ఒక గ్రంథమును సిద్ధపరచెను. అది 1937లో స్విట్జర్లాండులోని జూరిచ్ నగరమున ప్రకటింపబడెను.

ఆ సంవత్సరమే రహస్య పోలీసులు ఆమెను పిలిపించి గంటలకొలది ప్రశ్నించిరి. విదేశములకు ఆమె తరచు పోవుట వారికి అనుమానము కలిగించెను. మూడు వారములలో దేశము విడువవలెననియు, లేనిచో నిర్బంధ శిబిరమునకు పంపెదమనియు ఆజ్ఞాపించిరి. అప్పుడామె వయస్సు అరువది యైదు సంవత్సరములు. వివాహము చేసికొనక సేవకే జీవితమును ధారపోసిన ఆమెకు బిడ్డలు లేరు. బెర్లిన్ నగరమే ఇల్లు, శిష్యురాండ్రే కుటుంబము. ఆ సర్వమును విడిచి ఆమె ఇంగ్లండు మీదుగా అమెరికా చేరెను.

న్యూయార్క్ నగరమున ఆమె జీవితము సుఖముగా సాగలేదు. పూర్వము ఉపన్యాసములకై వచ్చినప్పుడు ఆమెను ఆదరముతో స్వాగతించిన దేశమే అది. ఇప్పుడు ఆమె వేల కాందిశీకులలో నొకతె. ముసలితనము, స్వల్పాదాయము, పరాయి నేల. 1939లో నాజీ ప్రభుత్వము ఆమె పౌరసత్వమును, డాక్టరు పట్టములను రద్దు చేసెను. ఇల్లు పోయినవారికి, ఊరు పోయినవారికి పూర్వము ఆమె పాఠములలో చోటుండెను. ఇప్పుడు ఆమె ఆ పాఠమును అనుభవమున చదువుచుండెను. అయినను ఆమె ధైర్యము విడువక తన జీవిత చరిత్రను ఆంగ్లమున వ్రాసెను. అది ఆమె జీవించి యుండగా అచ్చు కాలేదు. 1944లో ఆమెకు అమెరికా పౌరసత్వము లభించెను. 1948 ఆగస్టు 30వ తేదీన న్యూయార్క్‌లో ఆమె ఒంటరిగా కన్నుమూసెను.

ఆమె నాటిన విత్తనము మాత్రము వాడిపోలేదు. రెండవ ప్రపంచ యుద్ధము ముగియునప్పటికి ఐరోపాలో స్వస్థలములు కోల్పోయినవారు లక్షలకొలది మిగిలిరి. 1943లో ఏర్పడిన అంతర్జాతీయ సహాయ పునరావాస సంస్థ వారికై శిబిరములను నడుపగా, శిక్షణ పొందిన సంఘసేవకులు అందు పనిచేసిరి. మన దేశమునకు సయితము ఇట్టి పరీక్ష తప్పలేదు. బొంబాయిలో 1936లో క్లిఫర్డ్ మాన్‌షార్ట్ నాయకత్వమున టాటా వారి సాంఘిక సేవా విద్యాలయము వెలసియుండెను. 1947లో దేశ విభజన జరుగగా కోటికి మించిన జనులు ఇల్లు విడిచి సరిహద్దులు దాటిరి. అప్పుడు ఆ విద్యాలయపు అధ్యాపకులును విద్యార్థులును కురుక్షేత్రములోని కాందిశీకుల శిబిరమునకు పోయి సేవచేసిరి. బెర్లిన్‌కును కురుక్షేత్రమునకును దూర మెక్కువ. కాని దుఃఖితునకు సాయపడుటకు ముందు సాయపడుట నేర్వవలెనను సూత్రము రెండు చోట్లను ఒక్కటియే.

కాలక్రమమున జర్మనీ తన తప్పును తెలిసికొనెను. ఆలిస్ జీవిత చరిత్ర 1983లో జర్మను భాషలో వెలువడెను. ఆమె స్థాపించిన విద్యాలయము నేడు ఆలిస్ సాలమన్ పేరు గల ఉన్నత విద్యాసంస్థగా బెర్లిన్‌లో వర్ధిల్లుచున్నది. ఆమె ప్రథమాధ్యక్షురాలుగా నున్న సమితి, సేవా విద్యాలయముల అంతర్జాతీయ సంఘముగా నేటికిని పనిచేయుచున్నది.

యుద్ధములు కొందరు పాలకుల వలన పుట్టును. వాని ఫలమును అనుభవించునది సామాన్య జనము. ఇల్లు కాలిన పిమ్మట ఇటుకలతో మరల కట్టవచ్చును. విరిగిన మనస్సును నిలబెట్టుటకు ఓర్పు, వివేకము, న్యాయదృష్టి గల మనుష్యులు కావలెను. అట్టి మనుష్యులు తమంతట తామే పుట్టుకొని రారు. వారిని తీర్చిదిద్దవలెనని ఆలిస్ సాలమన్ నమ్మెను, తన జీవితమంతయు ఆ పనికే వినియోగించెను. తాను కట్టిన విద్యాలయపు గోడపై నుండి ఆమె పేరును తుడిచివేయుట శత్రువులకు సాధ్యమయ్యెను. ఆమె నేర్పిన విద్యను తుడిచివేయుట వారికి సాధ్యము కాలేదు.